ప్లుటోనియానికి సీళ్లు, కోబాల్ట్‌కు సలహాలు

పాత ఇనుము కొనేవాడికి కెమిస్ట్రీ రాదు. కెమిస్ట్రీ శాఖకు వచ్చు. జీతం తీసుకునేది అందుకే.

ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ శాఖవారు 1960ల చివర్లో కెనడా నుంచి గామా సెల్ అనే యంత్రం తెప్పించుకున్నారు. చుట్టూ దట్టమైన సీసపు కవచం, లోపల కోబాల్ట్-60. కొన్నేళ్లు ప్రయోగాలు చేశారు. 1985 తర్వాత దాని జోలికి పోయినవాడు లేడు. పాతికేళ్లు అలాగే పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామాన్ల కింద రాసి వేలం వేశారు. ఢిల్లీలోనే ఉన్న మాయాపురిలో తుక్కు వ్యాపారుల చేతికి చేరింది. సీసానికి గిరాకీ ఉంటుంది కాబట్టి విప్పారు. లోపల దొరికిన లోహాన్ని ముక్కలు చేశారు. ఒకతను ఓ ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు.

ఏప్రిల్‌లో ఒకరి చర్మం నల్లబడి, జుట్టు రాలిపోయి ఆస్పత్రిలో పడితే అక్కడి డాక్టర్లకు అనుమానం వచ్చింది. అంతవరకూ దేశ రాజధాని నడిబొడ్డున కోబాల్ట్ బజార్లో పడి ఉందన్న సంగతి ఏ అధికారికీ తెలియదు. ఏప్రిల్ 26న ఒక కార్మికుడు చనిపోయాడు. ముప్ఫై అయిదేళ్లవాడు. మరో ఏడుగురు రేడియేషన్ దెబ్బతో మంచాన పడ్డారు. కోబాల్ట్-60 బలం అయిదేళ్ల చిల్లరకు ఒకసారి సగమవుతుంది. నలభై ఏళ్లు దాటేసరికి దాదాపు ఎనిమిది సార్లు సగమై, మొదటి బలంలో రెండు వందల యాభయ్యో వంతుకు పడిపోయి కూడా అది మనిషి ప్రాణం తీసింది. ఈ లెక్క ఇంటర్మీడియట్ పిల్లలు వేస్తారు. కెమిస్ట్రీ శాఖ వేసుకోలేదు.

చదువుతున్న మీరు ఈపాటికి "అయ్యో పాపం" అనే ఉంటారు. ఆ పాపం మీ దగ్గరే ఉంచుకోండి. జాలి ఖర్చులేని పని, అందుకే అందరూ చేస్తారు. నేను అడగబోయేది వేరు: ఆ యంత్రం ఫలానా గదిలో ఉందని, ఎవరూ వాడటం లేదని, రేపో మాపో వేలానికి పోతుందని తెలుసుకోవాల్సిన మనిషి ఈ దేశంలో ఎవరు? ఆ మనిషికి తెలియకపోతే అతన్ని నిలదీయాల్సింది ఎవరు? దేశంలో నిలదీసేవాడు లేడనుకుందాం, బయటినుంచి నిలదీయగలవాడు ఎవరైనా ఉన్నాడా?

ఉన్నాడు. వియన్నాలో ఉన్నాడు. కాకపోతే ఆయన నిలదీయడు, సలహా ఇస్తాడు.

ఆయనే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ. 1957లో పుట్టింది. దాని ఇన్‌స్పెక్టర్లు దేశదేశాలు తిరుగుతారు. ప్లుటోనియం ఉన్నచోట కెమెరాలు బిగిస్తారు, డబ్బాలకు సీళ్లు వేస్తారు, మళ్లీ వచ్చి ఆ సీళ్లు చెక్కుచెదరలేదని చూసుకుంటారు. ఎనిమిది కిలోల ప్లుటోనియం లెక్కకు రాకపోతే ఒక బాంబుకు సరిపడా సరుకు పోయినట్టే అని వాళ్ల కొలత. దాని కోసం ఒప్పందాలున్నాయి, ఆంక్షలున్నాయి, భద్రతామండలిలో రాత్రింబవళ్లు చర్చలున్నాయి. వద్దనడం లేదు. ఉండాల్సిందే.

అయితే బ్రెజిల్‌లో గొయానియా అనే ఊళ్లో నలుగురిని చంపిన సీజియం ఎంతో తెలుసా? వంద గ్రాములకు లోపు. 1987లో ఒక ప్రైవేటు రేడియోథెరపీ క్లినిక్ వాళ్లు స్థలం మారుతూ, పాత యంత్రాన్ని ఖాళీ భవనంలో వదిలేసి పోయారు. సెప్టెంబరులో ఇద్దరు కుర్రాళ్లు దాన్ని పీకి తుక్కు కొట్టుకు అమ్మారు. కొట్టు యజమానికి అందులోంచి చీకట్లో నీలంగా వెలిగే పొడి కనిపించింది. ముచ్చటపడి ఇంటికి తెచ్చాడు, బంధువులకు పంచాడు. పిల్లలు ఒంటికి రాసుకున్నారు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడుతుంటే ఆ పొడి మీదే అనుమానం వచ్చి, సంచిలో వేసుకుని బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకు పట్టుకెళ్లింది ఆ యజమాని భార్య. శాస్త్రవేత్త కాదు, ఇన్‌స్పెక్టర్ కాదు. ఆమె చనిపోయింది. ఆరేళ్ల పిల్ల చనిపోయింది. సీసం పెట్టెలో పెట్టి పూడ్చబోతే, మా శ్మశానంలో వద్దని జనం ఆ శవపేటిక మీద రాళ్లేశారు. లక్షా పన్నెండు వేల మందికి పైగా జనాన్ని స్టేడియంలో వరస కట్టించి పరీక్షిస్తే 249 మందికి ఆ పొడి అంటుకుని ఉందని తేలింది.

ఆ సీజియం తయారైంది అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో. మాయాపురి కోబాల్ట్ వచ్చింది కెనడా నుంచి. మెక్సికోలో హ్వారెస్ పట్టణంలో 1983లో తుక్కుకు పోయిన కోబాల్ట్ యంత్రం అమెరికాలో పాతబడితే హ్వారెస్‌లోని ఒక ఆస్పత్రివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొని, లైసెన్సు లేకుండా దేశంలోకి తెచ్చుకున్నది. ఆ కోబాల్ట్ కరిగి ఇనుప చువ్వల్లో కలిసింది, బల్లల కాళ్లలో కలిసింది, ఆ చువ్వలతో ఇళ్లు లేచాయి. తర్వాత వందల ఇళ్లు కూలగొట్టారు. ఎలా బయటపడిందో తెలుసా? చువ్వలు మోసుకెళ్తున్న ఒక లారీ దారి తప్పి లాస్ అలమోస్ అణు ప్రయోగశాల గేటు ముందుకు వెళ్తే అక్కడి అలారం మోగింది! డ్రైవరు దారి తప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రెండు దేశాల నియంత్రణ వ్యవస్థలు కలిసి చేయలేని పని దారి తప్పిన లారీ చేసింది.

చనిపోయినవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. గొయానియాలో తుక్కు కొట్టు కుటుంబంవాళ్లు, అక్కడి పనివాళ్లు. థాయిలాండ్‌లో సముత్ ప్రకాన్‌లో 2000 సంవత్సరంలో ముగ్గురు, అక్కడా తుక్కు కొట్టే. మొరాకోలో మొహమ్మదియాలో 1984లో ఇరీడియం సోర్సు, అంటే రేడియేషన్ వెలువరించే గుళిక, ఒకటి పైపుల వెల్డింగులు తనిఖీ చేసేచోట జారిపడితే, ఒక కూలీ అదేదో లోహమనుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఎనిమిది మంది పోయారు. అసలేం రోగమో తెలియకుండానే పోయారు. ఈ జాబితాలో ఒక రాయబారి కూతురు లేదు. ఒక అణు శాస్త్రవేత్త కొడుకు లేడు. ఒక మంత్రి బావమరిది లేడు. ఉండి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదని ఖాయంగా చెప్పగలను.

పెద్దలకు భయం పుట్టించే పదార్థానికి కెమెరా. పేదల్ని చంపే పదార్థానికి హితవచనం. అణు భద్రతలో ప్రపంచ నీతి ఇంతే. కాదని ఎవరైనా రుజువు చేస్తే వింటాను.

రుజువు కావాలంటే వియన్నావారి కాగితమే చూద్దాం. రేడియోధార్మిక సోర్సుల భద్రత మీద ఒక ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రతి దేశంలో స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలని, సోర్సులన్నిటికీ జాతీయ రిజిస్టరు ఉండాలని, పెద్ద సోర్సు ఎగుమతి చేసేముందు కొనే దేశానికి దాన్ని భద్రంగా చూసుకునే శక్తి ఉందో లేదో చూసుకోవాలని అందులో ఉంది. ఒక్క మాటకు కూడా వంక పెట్టలేను. అంత చక్కగా రాశారు. కానీ చట్టపరంగా ఎవరినీ కట్టిపడేయదు. పాటిస్తామని ఉత్తరం రాస్తే చాలు, అదే "రాజకీయ నిబద్ధత". నూట నలభైకి పైగా దేశాలు ఆ ఉత్తరం రాశాయి. మన దేశమూ నిబద్ధత ప్రకటించింది. ప్రకటించిన కొన్నేళ్లకే మాయాపురి జరిగింది అంటే ఆ ఉత్తరానికి అంటించిన స్టాంపు కూడా దండగ.

ఆ నియమావళి ఎప్పుడు గట్టిపడిందో కూడా చూడండి. గొయానియా 1987లో. అంతర్జాతీయ సమాజం తీరిగ్గా 1998లో ఫ్రాన్సులో దిజోన్ పట్టణంలో సమావేశమై ఈ సోర్సుల సంగతేమిటని చర్చించింది. పదకొండేళ్లు! చివరికి ఒక నియమావళి రాసుకున్నారు. ఈలోగా 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలాయి. టెర్రరిస్టులు కోబాల్ట్‌నో సీజియాన్నో మందుగుండుకు కట్టి పేలిస్తే మాన్‌హాటన్ ఏమైపోతుందని ఎవరో లెక్క వేశారు. ఇక చూడండి హడావుడి. 2003 సెప్టెంబరుకల్లా నియమావళిని తిరగరాసి, సోర్సులను వర్గాలుగా విడగొట్టి, పాలకమండలి చేత ఆమోదముద్ర వేయించారు. మరుసటేడు ఎగుమతి దిగుమతుల మార్గదర్శకాలూ వచ్చేశాయి. బ్రెజిల్ పిల్ల శవం చేయించలేని పనిని అమెరికా నగరం మీద ఊహించుకున్న ప్రమాదం చేయించింది. చచ్చినవాళ్ల కంటే చస్తారేమోనన్న వాళ్ల విలువ ఎక్కువ, వాళ్ల చిరునామా సరైనదైతే.

సరే, తిరగరాసినప్పుడైనా కట్టుబడి తీరాల్సిన ఒప్పందంగా ఎందుకు రాయలేదు? అమ్మేవాళ్లకు ఇష్టం లేదు, కొనేవాళ్లకూ ఇష్టం లేదు. కట్టుదిట్టమైన ఒప్పందం వస్తే, ముప్ఫై ఏళ్ల క్రితం అమ్మిన సోర్సును వెనక్కి తీసుకోమని అమ్మిన దేశాన్ని అడగవచ్చు. అది ఖర్చు. కొన్న దేశం తన నియంత్రణ సంస్థను నిజంగా స్వతంత్రం చేయాలి. అది ఇంకా పెద్ద ఖర్చు, అధికారంలో కోత. అందుకే ఇద్దరూ కలిసి "ప్రోత్సహించవలెను", "పరిశీలించవలెను" లాంటి మెత్తటి క్రియాపదాల మీద సంతకాలు చేశారు. వాడకం అయిపోయిన సోర్సుల గురించి 2017లో మరో మార్గదర్శకం ఆమోదించారు. అదీ సలహానే. వియన్నాలో సలహాలకు కరువు ఉండదు.

వియన్నాను తిట్టినంత మాత్రాన అక్కడ పనిచేసేవాళ్లంతా కాఫీ తాగుతూ కాలక్షేపం చేస్తున్నారని నేననడం లేదు. ఏ సోర్సు ఎవరి దగ్గర ఉందో నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను బీద దేశాలకు ఉచితంగా ఇస్తున్నారు. చట్టం ఎలా రాసుకోవాలో చెప్పడానికి మనుషుల్ని పంపుతున్నారు. 1990ల మధ్య నుంచి ఒక పథకం పెట్టి, నియంత్రణ అనేదే లేని డజన్ల కొద్దీ దేశాలకు ఓనమాలు దిద్దించారు. పోయినవీ, దొంగిలించినవీ, దొరికినవీ నాలుగు వేలకు పైగా ఘటనల చిట్టా వాళ్ల దగ్గర ఉంది. నాకు వీటన్నిటికంటే నచ్చిన పని ఇంకోటి: 2007లో తెచ్చిన కొత్త హెచ్చరిక గుర్తు. పసుపు మీద నల్ల మూడు రెక్కల గుర్తు చదువుకున్నవాళ్లకే అర్థం కావడం లేదని తెలిసి, ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మ గీశారు. పదకొండు దేశాల్లో మామూలు జనానికి చూపించి పరీక్షించారు. అందులో మన దేశమూ ఉంది. యంత్రం విప్పబోయేవాడి కంట పడేచోట దాన్ని అంటించాలి. చదువు రానివాడి ప్రాణం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన కాగితం ఆ ఊరినుంచి ఇంకోటి నేను చూడలేదు. మూడేళ్ల తర్వాత మాయాపురిలో ఆ యంత్రం విప్పారు. ఢిల్లీ గదిలో మూలబడ్డ యంత్రం దాకా వెళ్లి ఆ బొమ్మ అంటించే చెయ్యి ఈ దేశంలో లేకపోయింది. గుర్తు గీయడం వరకే వియన్నా చేయగలదు. అంటించాల్సింది మనం.

మనం అంటే ఎవరు? అణుశక్తి నియంత్రణ మండలి. 1983 నవంబరులో పెట్టారు. చట్టసభ చేసిన చట్టంతో కాదు, ప్రభుత్వ ఉత్తర్వుతో. అలా పెట్టినప్పుడు ఎవరికి జవాబుదారీ చేశారు? అణుశక్తి కమిషన్‌కి. కమిషన్ చైర్మన్ ఎవరు? అణుశక్తి విభాగం కార్యదర్శి. ఆ విభాగం ఏం చేస్తుంది? రియాక్టర్లు నడుపుతుంది, కోబాల్ట్ సోర్సులు తయారుచేసి దేశ విదేశాల్లో అమ్ముతుంది. అంటే సరుకు అమ్మేవాడే కాపలావాడికి పైఅధికారి అయ్యాడు. ఇందులో తప్పేముందని అడిగే మేధావులు హైదరాబాదులోనూ ఉన్నారు. నాతో వాదించారు కూడా. కాపలావాడు నిజాయితీపరుడైతే చాలు కదా అంటారు. నిజాయితీపరుడి మీదే ఇంత నమ్మకం ఉంటే బ్యాంకు లాకర్లకు తాళాలెందుకు?

నా మాట వద్దు, కాగ్ మాట వినండి. 2012లో కాగ్ ఈ మండలి మీద ఒక నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లు ఉంటే అందులో నమోదైనవి 5,270. నూటికి తొంభై ఒకటి ఎవరి అదుపూ లేకుండా నడిచాయి. మూడు దశాబ్దాలుగా రేడియేషన్ భద్రతా విధానం అనే పత్రమే లేదు. సోర్సులన్నిటి పూర్తి చిట్టా కూడా లేదు. నియమం తప్పినవాడికి అప్పట్లో వేయగలిగిన గరిష్ఠ జరిమానా ఎంతో చెప్పనా? ఐదు వందలు. లక్షలు కాదు, వేలు కాదు. ఐదు వందల రూపాయలు.

ఈ సిగ్గు మనకే ప్రత్యేకం అనుకోకండి. ఆస్ట్రేలియాలో 2023 జనవరిలో ఒక గనుల కంపెనీ సీజియం గుళిక 1,400 కిలోమీటర్ల రోడ్డులో ఎక్కడో జారిపోయింది. చిటికెన వేలి గోరంత వస్తువు. రోడ్డంతా గాలించి పట్టుకున్నారు, అది వేరే గొప్ప. కానీ అక్కడి రాష్ట్రంలో 1975 నాటి చట్టం ప్రకారం అప్పటికి వేయగల జరిమానా వెయ్యి డాలర్లే. ధనిక దేశం కూడా పాత చట్టాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోతుంది. కాకపోతే వాళ్లు వెతికారు. ఎవడో ఒంటి మీద పుండ్లతో ఆస్పత్రికి వచ్చేదాకా మనకు పోయిందనే తెలియదు.

ఇక ఎక్స్‌రేల సంగతి. ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టమని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. కాగ్ లెక్క చూసేనాటికి, అంటే పదకొండేళ్లకు, రెండే రాష్ట్రాలు పెట్టాయి. కేరళ, మిజోరం. మిజోరం! కొండల్లో చిన్న రాష్ట్రం చేసిన పనిని, వీధికో కార్పొరేట్ ఆస్పత్రి ఉందని, దేశవిదేశాల రోగులు తమ ఊరికే వస్తారని జబ్బలు చరుచుకునే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పటికి చేయలేదు. ఆ పదకొండేళ్లలో రెండు పార్టీలూ ఏలాయి. ఎవరి ప్రభుత్వంలో ఎక్కువ నిద్రపోయారో పంచుకోమంటే నేను రెండు పార్టీలకూ సమానంగా పంచుతాను, తిట్లు కూడా సమానంగానే పడతాను.

2015 మార్చిలో వియన్నా నుంచి నిపుణుల బృందం వచ్చింది. మనమే పిలిచాం. పన్నెండు రోజులు చూశారు, మండలిని మెచ్చుకున్నారు, దాని స్వతంత్రతను చట్టంలో రాయమని కూడా చెప్పారు. పత్రికల్లో మెప్పు పెద్ద అక్షరాల్లో వచ్చింది. మరి ఏం చూశారు? అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ. ఆ బృందం పరిధి అంతవరకే. ఆస్పత్రుల కోబాల్ట్, చమురు బావుల సీజియం, వెల్డింగు తనిఖీల ఇరీడియం, తుక్కు బజార్లు ఆ పరిధిలో లేవు. పెద్దమనుషులు వస్తున్నారని ముందుగది ఊడ్చి, ముగ్గేసి, వంటింటి తలుపు గడియ పెట్టినట్టుంది. మాయాపురి జరిగి అయిదేళ్లయినా కాలేదు. అతిథులు వంటింట్లోకి తొంగి చూస్తామని పట్టుబట్టలేదు, ఎందుకంటే ఆతిథ్య దేశం ఒప్పుకున్న పరిధి దాటి చూడటం వాళ్ల మర్యాద కాదు. అంతర్జాతీయ మద్దతు అనే గొప్ప మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఇదే: మీరు చూపించింది మేం చూస్తాం, మీరు అడిగింది మేం చెబుతాం. 2022లో మళ్లీ వచ్చారు. అప్పటికీ మండలి ప్రభుత్వ ఉత్తర్వు మీదే బతుకుతోంది.

స్వతంత్ర సంస్థ కోసం ఒక బిల్లు రాలేదా అంటే వచ్చింది. ఫుకుషిమా చూసి గుండె జల్లుమని 2011లో తెచ్చారు. 2014లో లోక్‌సభతో పాటు అది కూడా కాలం చేసింది. ఎవరూ తద్దినం పెట్టలేదు. చివరికి 2025 డిసెంబరులో ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్ తలుపులు తెరుస్తూ తెచ్చిన "శాంతి" (SHANTI) అనే చట్టంలో మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చారు. చూశారా వరస? తుక్కు కార్మికుడు చచ్చినప్పుడు రాని చట్టం, కాగ్ కడిగేసినప్పుడు రాని చట్టం, పెట్టుబడిదారు గుమ్మంలోకి రాగానే వచ్చింది. వచ్చింది కదా, సంతోషించమంటారా? ఆ మండలికి మనుషుల్ని ఎంపిక చేసే దారి ఎవరి గదుల్లోంచి పోతుందో చట్టం తెరిచి చదివి, అప్పుడు చెప్పండి సంతోషించాలో లేదో.

ఇక్కడ దేశభక్తులు లేస్తారు. నాకు తెలుసు. "మన అణు సంగతుల్లో వేలు పెట్టడానికి విదేశీయులెవరు?" అంటారు. అయ్యా, 2008లో ఫ్రాన్సులో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడింది. అవి తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై మంది దాకా కార్మికులకు రేడియేషన్ తగిలింది. ఆ ఉక్కు ఎక్కడినుంచి పోయింది? మన దేశం నుంచి. మన కొలిమిలో ఎవరిదో సోర్సు తుక్కుతో పాటు కరిగింది, బటనై సముద్రం దాటింది. 1998లో స్పెయిన్‌లో అల్హెసిరాస్ ఉక్కు మిల్లులో సీజియం కరిగితే ఆ మేఘం ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండ్, జర్మనీల దాకా పోయింది. దేని పాస్‌పోర్టు చూస్తారు మీరు?

ఇంకో సంగతి విని ఛాతీ పొంగించుకోండి, వీలైతే. 2001 డిసెంబరులో జార్జియా దేశంలో ముగ్గురు మనుషులు కట్టెలకు అడవికెళ్తే మంచు కరిగిపోయిన చోట రెండు వెచ్చటి డబ్బాలు దొరికాయి. చలికి రాత్రంతా వాటికి వీపు ఆనించి పడుకున్నారు. సోవియట్ కాలం నాటి స్ట్రాన్షియం సోర్సులవి. ఒళ్లు కాలిపోయింది. ఇంకా ఎన్ని సోర్సులు ఆ కొండల్లో పడి ఉన్నాయోనని మరుసటేడు వియన్నావాళ్లు పెద్ద గాలింపు చేయించారు. గుర్రాల మీద, కాలినడకన, జీపుల్లో. అందులో అమెరికా, ఫ్రాన్సు, టర్కీ నిపుణులతో పాటు మన భారతీయ నిపుణులూ ఉన్నారు. చేవ లేదని ఎవడన్నాడు? ఎవరో పారేసుకున్న సోర్సుల కోసం పరాయి కొండలు గాలించగలిగిన దేశం, తన రాజధానిలో తన విశ్వవిద్యాలయం గది తలుపు తీసి చూడలేకపోయింది. అక్కడికి వెళ్తే ఫొటో వస్తుంది. ఇక్కడ తలుపు తీస్తే ప్రొఫెసర్లకు కోపం వస్తుంది.

రెండో గుంపు ఇంకోవైపు నుంచి వస్తుంది: రేడియేషన్ పేరు వింటేనే నిషేధించమనే పర్యావరణ పూజారులు. వాళ్లతో నాకు ఇంకా పేచీ. కోబాల్ట్ యంత్రం ఈ దేశంలో వేలమంది బీద క్యాన్సర్ రోగులకు ప్రాణం పోసింది. ఖరీదైన యంత్రాలు కొనలేని ఆస్పత్రుల్లో ఇప్పటికీ అదే దిక్కు. దాన్ని తీసేయమనేవాడు ముందు ఆ ఆస్పత్రి వరండాలో చాపల మీద పడుకున్న వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పాలి. నియంత్రణ అడగడం నిషేధం అడగడం కాదు. ఈ తేడా తెలియకుండా మీరు కేకలేస్తుంటే, అధికారులు "చూశారా, ప్రశ్నించేవాళ్లంతా అభివృద్ధి వ్యతిరేకులే" అని హాయిగా చేతులు దులుపుకుంటున్నారు. మీ అరుపు వాళ్లకు కవచం.

ఢిల్లీ దూరం, గొయానియా ఇంకా దూరం, మనకెందుకులే అనుకుంటున్నారా? 2017 జనవరిలో రాజమహేంద్రవరం ప్రాంతంలో చమురు బావుల పనికి వాడే సీజియం సోర్సు డబ్బా ఒకటి మాయమైంది. పోలీసులు, నిపుణులు ఊరూరా వెతికారు. ఎక్కడ దొరికింది? అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో పాత ఇనుప సామాన్ల కొట్లో. మళ్లీ తుక్కు కొట్టే! ఈసారి గ్యాస్ కట్టర్ పడకముందే దొరికింది. ఎవరూ విప్పలేదు కాబట్టి ఎవరూ చావలేదు, ఎవరూ చావలేదు కాబట్టి మీకు గుర్తులేదు. మన పత్రికలు రెండ్రోజులు రాసి, సంక్రాంతి సినిమాల వసూళ్లకు వెళ్లిపోయాయి.

కాబట్టి "అంతర్జాతీయ సహకారం పెంపొందాలి" అనే సదస్సు మాట నా దగ్గరికి తేకండి. నాకు కావాల్సింది మొరటుగా చెబుతాను. నియమావళిని కట్టుబడి తీరాల్సిన ఒప్పందం చేయండి. పెద్ద సోర్సు అమ్మేటప్పుడే, దాన్ని వెనక్కి తీసుకెళ్లి పారవేయడానికయ్యే ఖర్చును అమ్మేవాడి దగ్గర ముందే కట్టించుకోండి. కెనడా అయినా సరే, రేపు మన కోబాల్ట్ కొనే దేశం ముందు మనమైనా సరే. వియన్నా బృందం వస్తే పరిధి ఆతిథ్య దేశం గీయకూడదు, తుక్కు బజారు తప్పనిసరిగా అందులో ఉండాలి. వాళ్ల నివేదిక కింద మన ప్రభుత్వం ఏం చేసిందో, ఏం చేయలేదో ఏడాదికోసారి పార్లమెంటు ముందు పెట్టాలి. తుక్కు కరిగించే ప్రతి కొలిమి గేటు దగ్గర రేడియేషన్ పసిగట్టే పరికరం ఉండాలి, దాని ఖర్చు కొలిమి యజమానిది. తుక్కు కొట్టువాడు అనుమానపు డబ్బా తెచ్చి అప్పగిస్తే అతని మీద కేసు పెట్టకూడదు, డబ్బివ్వాలి. చివరిది మన అధికారులకు అస్సలు మింగుడుపడదని తెలుసు. తప్పు చేసిన యూనివర్సిటీకి షోకాజ్ నోటీసు, బరువు మోసినవాడికి పోలీస్ స్టేషను, ఇదే వాళ్లకు తెలిసిన న్యాయం.

ఇవన్నీ ప్రభుత్వాల పనులు, నేనేం చేయను అంటారు మీరు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఈసారి మీ అమ్మగారినో మీ పిల్లవాడినో ఎక్స్‌రే తీయించడానికి తీసుకెళ్లినప్పుడు, కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "మీ యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉందా, చూపిస్తారా?" వాళ్లు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. సిగ్గేస్తుంది. రాత్రి భోజనాల దగ్గర దేశాన్ని ఉద్ధరించే మీకు ఆ కాసేపు సిగ్గు భరించే దమ్ముందా? సందేహమే నాకు.

దమ్ముంటే ఇంకో పని. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. మీ రాష్ట్ర వైద్యారోగ్య శాఖకు రాయండి: సుప్రీంకోర్టు 2001లో పెట్టమన్న రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ మన రాష్ట్రంలో ఉందా, ఉంటే ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు, పోయిన ఏడాది మన జిల్లాలో ఎన్ని సెంటర్లు తనిఖీ చేశారు, ఎన్ని మూసేశారు. మీ ఊళ్లో యూనివర్సిటీ ఉంటే దానికీ ఒకటి రాయండి: మీ దగ్గర రేడియోధార్మిక సోర్సులు ఎన్ని, ఏ గదిలో, ఆఖరిసారి ఎప్పుడు లెక్క చూశారు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నీళ్లు నమిలితే అప్పీలుకు వెళ్లండి. వచ్చిన జవాబు, రాకపోతే రాలేదన్న రుజువు నాకు పంపండి. శాఖల పేర్లు, అధికారుల హోదాలు ఒక్కటీ దాచకుండా అచ్చు వేయిస్తాను. పరువు నష్టం దావా వేస్తామని బెదిరించేవాళ్లకు ముందే చెబుతున్నాను, వేయండి. కోర్టులోనైనా ఆ రిజిస్టరు తెచ్చి చూపించాల్సి వస్తుంది మీకు.